పెంట వేసినా టమాటా ఎందుకు పసుపెక్కింది? సేంద్రియ ఎరువుల లెక్క, అదను

మీరు చెప్పిన సంగతి ఇదీ: షాబాద్ వైపు ఎకరం చల్క నేల (తేలికపాటి ఎర్ర నేల), బోరు, డ్రిప్. కిందటేడు ఇరవై గుంటల్లో హైబ్రిడ్ టమాటా, ఇంకో ఇరవై గుంటల్లో పందిరి బీర పెట్టారు. నారు నాటడానికి వారం ముందు నాలుగు ట్రాక్టర్ల పశువుల పెంట తోలించారు. పదిహేను రోజులకోసారి జీవామృతం పారించారు. నలభై రోజులకల్లా టమాటా కింది ఆకులు పసుపెక్కాయి. అక్కడక్కడ వాడిన మొక్కను పీకితే వేర్ల దగ్గర తెల్లటి లావు పురుగులు కనిపించాయి. కాయ సైజు రాలేదు. పక్క చేను ఆయన యూరియా వేసి బాగానే తీశాడు. "సేంద్రియంలో కూరగాయలు పండవా? యూరియా ఒక్కసారే మానేయడం తప్పా?" అని అడిగారు.

పండుతాయండి. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వైపు పండించి హైదరాబాద్‌లో అమ్ముకుంటున్నవాళ్లు ఉన్నారు. మీ పంటకు తిండి చాలలేదు, వేసిన తిండి కూడా అదనుకు అందలేదు. మీరు రాసిన ప్రతి లక్షణం ఈ రెండింటి దగ్గరికే వస్తుంది. అందుకే ముందు లెక్క చూద్దాం. సేంద్రియ సేద్యంలో చాలామంది వదిలేసేది ఈ లెక్కనే.

హైబ్రిడ్ టమాటాకు ఎకరానికి సుమారు 60 కిలోల నత్రజని సిఫారసు ఉంది. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గర ఉంటుంది. నాలుగు ట్రాక్టర్లు అంటే పది టన్నులనుకున్నా, మొత్తం 50 కిలోల నత్రజని. వినడానికి సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ నత్రజని అంతా ఆ పంటకే దొరకదు. మొదటి పంటకాలంలో సూక్ష్మజీవులు విడదీసి మొక్కకు ఇచ్చేది మూడో వంతుకు అటూ ఇటూ. మిగతాది నేలలో ఉండి తర్వాతి పంటలకు వస్తుంది. అంటే మీ టమాటాకు అందింది ఎకరం లెక్కన 15 కిలోలు, మహా అయితే 20. పైగా ట్రాలీలో వచ్చే పెంటలో మట్టి ఎంత, ఎండిన పిడక ఎంత అని చూస్తే ఆ అర శాతం కూడా తేలకపోవచ్చు. పక్కాయన యూరియా ఒక బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. ఒక్క బస్తాతోనే 20 కిలోలు, అదీ వారం పది రోజుల్లో మొక్కకు దొరికేలా వేశాడు. తేడా అక్కడ వచ్చింది.

ఇక జీవామృతం. 200 లీటర్ల డ్రమ్ములో మనం వేసేది 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇందులో నత్రజని కూడితే పేడలో 30, 40 గ్రాములు, పిండిలో 70 గ్రాముల చిల్లర, మూత్రంలో వంద గ్రాముల లోపు. అంతా కలిపి పావు కిలో దాటదు. పంట మొత్తంలో ఎనిమిది సార్లు పారించినా రెండు కిలోలు కాదు. జీవామృతం దండగ అనడం లేదు. అది తోడు లాంటిది. పాలుంటేనే తోడు పెరుగు చేస్తుంది, ఖాళీ గిన్నెలో వేస్తే ఏం చేస్తుంది? నేలలో కుళ్లడానికి రొట్ట, ఎరువు, గడ్డి ఉన్నప్పుడు ఆ సూక్ష్మజీవులకు పని దొరుకుతుంది. సుభాష్ పాలేకర్ గారి పద్ధతిలో కూడా జీవామృతం ఒక్కటే లేదు. బీజామృతం (విత్తన శుద్ధి), ఆచ్ఛాదన, వాఫస (నేలలో తేమ, గాలి సమంగా ఉండటం) కలిపి నాలుగూ చెప్పారు. మన దగ్గర చాలామంది డ్రమ్ము ఒక్కటే పట్టుకుని, నేల మీద ఆకు అలము కప్పే ఆచ్ఛాదనను వదిలేస్తున్నారు. చల్క నేలలో అసలు మేలు చేసేది ఆ కప్పే.

మీ నాలుగు ట్రాక్టర్ల దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే పురుగు కథ కూడా అక్కడే ఉంది. మీరు చూసింది వేరు పురుగు. తొలకరి వానలకు బయటికొచ్చే పెంకు పురుగులు పచ్చి పెంటలో, చివకని కుప్పల్లో గుడ్లు పెడతాయి. ఆ పెంటను అలాగే తోలితే గుడ్లు, పిల్ల పురుగులు కూడా చేనుకొస్తాయి. చెదలకూ పచ్చి పెంటే పిలుపు. గరిక, తుంగ, గడ్డి గింజలు వేరే లెక్క. ఇంకోటి, కంటికి కనిపించని నష్టం: పెంటలో గడ్డి, పిడక ఎక్కువ ఉండి చివకకపోతే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని నేలలోంచే లాక్కుంటాయి. అంటే ఎరువు వేసిన కొత్తలో మొక్కకు ఉన్నది కూడా తగ్గుతుంది. నాటే ముందు వారం వేసిన పెంట సరిగ్గా ఇదే చేసి ఉంటుంది. కింది ఆకులు ముందు పసుపెక్కాయని మీరే రాశారు. నత్రజని లోపం గుర్తు అది. మొక్క ముదురాకుల్లోంచి తీసి చిగుళ్లకు పంపుకుంటుంది. అదే లేత ఆకులు పసుపెక్కి ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపమని వేరే దారిలో వెతికేవాళ్లం.

ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కుప్ప పైపైన కాదు, మోచేయి లోతు చెయ్యి పెట్టి గుప్పెడు తీయండి. వేడి తగలకూడదు. పేడ వాసన గానీ ముక్కు మండే ఘాటు గానీ రాకూడదు, తొలి వాన పడ్డ మట్టి వాసన రావాలి. గడ్డి పోచ ఏదో, పిడక ఏదో గుర్తుపట్టలేనట్టు ఉండాలి. పిడికిట బిగిస్తే ముద్దవ్వాలి, వేలితో తడితే పొడి పొడిగా రాలాలి, నీళ్లు కారకూడదు. ఇంకా అనుమానం ఉంటే కొంచెం తడిపి పాలిథిన్ కవర్లో గాలి లేకుండా మూడు నాలుగు రోజులు కట్టి ఉంచి విప్పండి. కుళ్లు కంపు కొట్టిందంటే ఇంకా మాగాలి. ఒక చట్టిలో ఆ ఎరువు, మట్టి సగం సగం కలిపి మెంతులు చల్లినా తెలిసిపోతుంది. మాగిన ఎరువులో నాలుగైదు రోజుల్లో సమానంగా మొలుస్తాయి, పచ్చిదైతే మొలక సరిగా రాదు, వచ్చినా కొసలు మాడతాయి.

కొనేటప్పుడు మీ చేతిలో ఉన్నది ఇదే, ట్రాలీ ఎక్కకముందే కుప్పలో చెయ్యి పెట్టి చూడటం. ఇంటి దగ్గర రెండు పశువులున్నా సరే, సొంతంగా చేసుకున్న ఎరువుకు కొన్నది సాటి రాదు. పశువు బయటికి పంపే నత్రజనిలో సగానికి దగ్గరగా, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. మనం పేడ ఎత్తి దిబ్బ మీద వేస్తాం, మూత్రం కొట్టం నేలలో ఇంకిపోతుంది. కొట్టంలో వరిగడ్డి, చెత్త, ఎండాకు పరిచి పశువుల్ని పడుకోబెట్టి, తడిసిన ఆ గడ్డిని పొద్దున్నే పేడతో కలిపి గుంతలో వేస్తే మీ ఎరువు బలం మారిపోతుంది. గుంత చెట్టు నీడన ఉండాలి, వాన నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ కట్ట పోయాలి, నిండాక మట్టి, పేడ కలిపి పైన మెత్తాలి. పొయ్యి బూడిద మాత్రం పచ్చి పేడలో కలపొద్దు. బూడిద క్షారం తగిలి నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది. బూడిదను విడిగా దాచి, పొటాష్ కోసం బీర పాదుల్లో పలచగా చల్లుకోండి.

ఇంకో అలవాటు మన ఊళ్లలో అందరి చేలలో కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పెంట తోలి చిన్న చిన్న కుప్పలుగా వదిలేస్తారు. వాన పడ్డాక చిమ్ముదాంలే అని నెల, రెండు నెలలు ఎండలో ఉంచుతారు. మన ఎండలకు ఆ కుప్ప చేతికి బొగ్గులా ఎండుతుంది, అందులోని అమోనియా గాలికి పోతుంది, సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్న బలం అది. తోలిన రోజే చిమ్మి, ఆ సాయంత్రమే దున్ని నేలలో కలపాలి. కుదరకపోతే అంతా ఒకే పెద్ద కుప్పగా వేసి, తడిపి, గడ్డి కప్పి ఉంచండి.

ఇప్పుడు మీ ఎకరానికి ఏం చేయాలో చెప్తాను. మీకు బోరు ఉంది కాబట్టి తొలకరి వానకు పచ్చిరొట్ట వేసుకోండి. చల్క నేలకు జనుము బాగా సరిపోతుంది, ఎకరానికి 15 నుంచి 20 కిలోల విత్తనం. చవుడు ఉన్నా, నీళ్లు నిలిచే మూల ఉన్నా అక్కడ జీలుగ వేయండి, జనుము నీళ్లు నిలిస్తే తట్టుకోదు. మృగశిర కార్తెలో చల్లితే జులై ఆఖరుకల్లా పూత మొదలవుతుంది. పూత మొదలవగానే కలియదున్నాలి. ఈ సంగతి గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఇంకో పది రోజులుంటే ఇంకా రొట్ట వస్తుందని ఆశపడేవాళ్లు ఎక్కువ. ఆ పది రోజుల్లో జనుము కాడ నార తేలి, నేలలో వేసినా నెలన్నర దాకా కుళ్లదు. మంచి పచ్చిరొట్ట పైరు ఎకరానికి 25, 30 కిలోల నత్రజని నేలకు ఇస్తుంది, అదీ లేతగా ఉంటే త్వరగా ఇస్తుంది. దున్నాక తేమ ఉండేలా చూసి, రెండు మూడు వారాలు ఆగి నారు నాటండి. టమాటా వేసిన చేనులో వేరుబుడిపె నులిపురుగు ఉంటే జనుముతో అది కూడా తగ్గుతుంది, ఆ పురుగు జనుము మీద సరిగా బతకలేదు.

ఎరువును కూడా దుక్కిలోనే, పచ్చిరొట్ట చల్లే ముందే వేసేయండి. నాటే ముందు వారం వేసే పద్ధతి మానండి. ఎకరానికి 8 నుంచి 10 టన్నులు, మాగినది. దొరికితే వేసవిలో గొర్రెల మంద పెట్టించండి. రాత్రికి మంద చేలో పడుకుంటే పెంటికతో పాటు మూత్రం నేరుగా నేలలో ఇంకుతుంది, తోలకం ఖర్చు లేదు. గొర్రెల ఎరువులో నత్రజని పశువుల ఎరువు కంటే చాలా ఎక్కువ. మంద లేచిన రోజే పైపైన గొర్రు తోలి కలపడం మరవొద్దు.

కోళ్ల ఎరువు గురించి జాగ్రత్త చెప్పాలి. అది బలమైనదే, నత్రజని 3 శాతం దాకా ఉంటుంది, భాస్వరం కూడా బాగా ఉంటుంది. కానీ షెడ్డులోంచి నేరుగా తెచ్చి వేస్తే ఘాటుకు లేత వేర్లు మాడతాయి, ఈగలు ఊరంతా పట్టుకుంటాయి. వరి ఊక, ఎండాకు కలిపి తడిపి, రెండు మూడు నెలలు తిరగేస్తూ మాగబెట్టాకే వాడాలి. ఎకరానికి టన్ను చాలు. ఏటా అదే వేస్తూ పోతే నేలలో భాస్వరం, ఉప్పు పేరుకుంటాయి. అందుకని ఒక ఏడు కోళ్లది, ఒక ఏడు పశువులది మార్చుకోండి.

ఇలా వేసినా టమాటాకు నాటిన నెల తర్వాత ఆకలి పెరుగుతుంది. పూత, పిందె మీద ఉన్నప్పుడు యూరియా వేసే రైతు పైపాటుగా ఇచ్చేస్తాడు, మనం పిండి, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్క, ఇవ్వాలి. ఆముదం పిండిలో నత్రజని 4 శాతం పైన, వేపపిండిలో కొంచెం అటూ ఇటూ అంతే, వేరుశనగ పిండిలో 7 శాతం దాకా. నాటేటప్పుడు ఎకరానికి 200 కిలోల వేపపిండి సాళ్లలో, నాటిన నెల రోజులప్పుడు 150 కిలోల ఆముదం పిండి, మొదటి కోతకు ముందు ఇంకో 100 కిలోలు. మొక్క మొదట్లో కుప్పగా పోయకండి. జానెడు దూరంలో, డ్రిప్ చుక్క పడే చోట, వేలి లోతు గాడి తీసి వేసి మట్టి కప్పాలి. తేమ లేకపోతే పిండి కుళ్లదు, కుళ్లకపోతే మొక్కకు దొరకదు. పైన చల్లి వదిలేస్తే బూజు పట్టి ఎండిపోతుంది. ఆముదం పిండి విషం. బస్తాలు పశువులకు, మేకలకు, కుక్కలకు అందని చోట పెట్టండి. గాడిలో వేసింది కుక్కలు వాసన పట్టి తవ్వి తింటాయి, మట్టి కప్పమనడానికి అది కూడా కారణం. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

వర్మీకంపోస్టు గురించి అందరూ అడుగుతారు. నారుమడికి, ప్రోట్రేలకు (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలకు), పాదులకు దానికి మించింది లేదు. ఎకరం చేనుకు అదే కొని పోయాలంటే మాత్రం లెక్క చూసుకోండి. నత్రజని 1.2 శాతం ఉన్న ఎరువు కిలో 8 రూపాయలకు కొన్నారనుకుంటే, కిలో నత్రజని 650 రూపాయలు దాటుతుంది. మొత్తం పంటకు అలా పెడితే టమాటా ధర పడిపోయిన ఏడు గట్టెక్కలేరు. సొంతంగా బెడ్లు వేసుకోగలిగితే వేరే మాట.

ఎండు తెగులు, నారుకుళ్లు మీరు రాయలేదు గానీ చల్క నేలలో టమాటా మీద టమాటా వేస్తే వస్తాయి. దుక్కిలో వేసే ముందు 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం) కలిపి, నీడన పరిచి, తడి చల్లి, గోనె కప్పి వారం పది రోజులుంచండి. కుప్ప అంతా పచ్చటి బూజు అల్లుకుంటుంది. దాన్ని ఆఖరి దుక్కిలో, సాళ్లలో వేయండి. ఎండలో ఎండబెట్టిన ఎరువులో ఆ శిలీంధ్రం బతకదు కాబట్టి తేమ, నీడ తప్పనిసరి. దీన్ని రసాయన తెగులు మందులతో కలిపి వేయొద్దు.

కాయ సైజు రాకపోవడానికి తిండితో పాటు తడి కూడా చూసుకోండి. నేల ఒక వారం ఎండి, ఒక వారం మునిగితే సున్నం (కాల్షియం) పిందెకు చేరక కాయ అడుగు నల్లగా కుళ్లుతుంది. వరిగడ్డో, జొన్న చొప్పో సాళ్ల మధ్య నాలుగు వేళ్ల మందాన పరవండి. ఆ గడ్డి నేల మీదే ఉండాలి, మట్టిలో కలిపితే మళ్లీ నత్రజనిని లాక్కునే గొడవ వస్తుంది. మీరు పారించే జీవామృతానికి పని దొరికేది ఈ గడ్డి కిందే. డ్రిప్‌లో పంపేటప్పుడు రెండు వరసల పల్చటి గుడ్డలో వడకట్టండి, తర్వాత కాసేపు మంచినీళ్లు వదలండి, లేకపోతే డ్రిప్పర్లు పూడిపోతాయి. కలిపిన రెండో రోజు నుంచి వారం లోపు వాడేయాలి. కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చిగా తినే ఆకుల మీద మాత్రం పేడతో చేసిన ఏ ద్రావణమూ చల్లొద్దు. కొనుక్కునే ఇంట్లో పిల్లలు కూడా తింటారు. నేలకు పారించండి, అదీ కోతకు చాలా ముందే ఆపేయండి.

బీరకు ఇంత హడావుడి లేదు. పాదుకు అయిదారు కిలోల మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి పది రోజులు తడుపుతూ ఉంచి గింజ పెట్టండి. తీగ పందిరెక్కాక ఒకసారి, పిందె మీద ఒకసారి పిండి. బీర, సొర, గోరుచిక్కుడు, బెండ సేంద్రియానికి త్వరగా లొంగుతాయి. హైబ్రిడ్ టమాటా, క్యాబేజీ, క్యాప్సికం తిండిపోతు పంటలు, బలం పుంజుకోని నేలలో మొదటి ఏడే వాటితో దిగితే ఎవరికైనా కష్టమే.

ఇక యూరియా మాట. సర్టిఫికెట్ తీసుకుని సేంద్రియ ధరకు అమ్మాలనుకుంటే ఎకరంలో ఒక్క గుంటలో కూడా వేయకూడదు, రసాయనం నుంచి సేంద్రియానికి మారే కాలాన్ని ఏళ్లలో లెక్కిస్తారు, ఆ ఏళ్లలో ఆ ధర రాదు. అది తెలిసి దిగాలి. ఆ ఆలోచన ఇప్పుడు లేకపోతే ఒక్కసారే మానాల్సిన పని లేదు. ముందు భూసార పరీక్ష చేయించి సేంద్రియ కర్బనం ఎంత ఉందో చూడండి. 0.5 శాతం లోపు ఉంటే ఆ నేల ఇంకా ఎరువును అరిగించుకునే స్థితిలో లేనట్టే, చల్క నేలల్లో ఎక్కువ చోట్ల అలాగే ఉంటుంది. అలా ఉంటే ఈ ఏడు బీర ఇరవై గుంటలూ పూర్తిగా సేంద్రియంలో పెట్టండి. టమాటాలో జనుము, మాగిన ఎరువు, పిండి అన్నీ నేను చెప్పినట్టు వేసి, యూరియాను సిఫారసులో సగానికి తగ్గించి నాలుగు తడవలుగా ఇవ్వండి. వచ్చే ఏడు ఆ సగంలో సగం. టమాటా, బీర చోట్లు మార్చుకుంటూ పోతే బీర కింద బాగుపడిన నేల టమాటాకు దొరుకుతుంది. మట్టి పరీక్ష కాగితం రాగానే అందులోని కర్బనం, పీహెచ్, లవణాల అంకెలు రాయండి, పిండి, బూడిద మోతాదులు వాటిని బట్టి సరిచేసి చెప్తాను.